అరవై దాటినవాళ్లకు ఎండ పడకపోతే: ‘సన్ అలర్జీ’ అని రాసే ముందు చూడాల్సినవి

పీహెచ్‌సీ_ప్రకాశం:
నమస్కారం అందరికీ. ముఖం, మెడ, చేతుల పైభాగం నల్లబడి దురద పెడుతున్నాయనీ, ఎండలోకి వెళ్తే భరించలేకపోతున్నామనీ వచ్చే పెద్దవాళ్ల గురించి ఈ చర్చ పెడుతున్నాను. వచ్చేటప్పుడు చేతిలో పాత చీటీలు నాలుగైదు ఉంటాయి. అన్నింట్లోనూ ‘సన్ అలర్జీ’ అన్న రాతే, ఒక సిట్రిజిన్, ఒక స్టెరాయిడ్ ట్యూబు. పూసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది.

ఉదాహరణకు ఒక కేసు. 67 ఏళ్ల రైతు. రెండేళ్లుగా బాధ. నుదురు, బుగ్గలు, మెడ వెనక, చేతుల పైభాగం మందమై, గీతలు తేలి, నల్లగా ఉన్నాయి. బీపీకి మాత్ర వాడుతున్నారు, షుగరు లేదు. రాత్రిళ్లు దురదతో నిద్ర లేదు. మా దగ్గర ప్యాచ్ టెస్టు (ఏది పడదో తేల్చడానికి వీపు మీద పట్టీలు అతికించి చూసే పరీక్ష) లేదు, యూవీ యంత్రం లేదు, బయాప్సీ కావాలంటే జిల్లా కేంద్రానికి పంపాలి. కంటితో చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి ఎంతవరకు తేల్చగలం? ఎక్కడ మొదలుపెట్టాలి?

చర్మవైద్యం_కర్నూలు:
డాక్టరు గారూ, మచ్చ ఉన్న చోటు అందరూ చూస్తారు. మీరు మచ్చ లేని చోటు చూడండి. పేషెంటును కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, చొక్కా విప్పించండి. పై కనురెప్పలు, గదవ కింద, చెవుల వెనక, ముక్కు పక్క మడతలు, వేళ్ల సందులు చూడండి. మెడ మీది ముడతను రెండు వేళ్లతో సాగదీసి దాని లోపల చూడండి. ఎండ నేరుగా తగిలి వచ్చే జబ్బులో ఈ నీడ చోట్లన్నీ దాదాపు మామూలుగా ఉంటాయి. కాలరు దగ్గర, గడియారం పట్టీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. గాలిలో ఎగిరొచ్చి చర్మం మీద పడే దుమ్ము, పుప్పొడి వల్ల వచ్చేదానికి నీడా ఎండా తేడా లేదు. రెప్పలు ఉబ్బుతాయి, గదవ కిందా చెవుల వెనకా కూడా ఉంటుంది, మోచేతి మడతలో, మోకాలి వెనక చెమటతో కలిసి ఇంకా ఎక్కువగా ఉంటుంది.

రెండోది సమయం. ఎండలోకి వెళ్లిన నిమిషాల్లో దద్దుర్లు లేచి, నీడకొచ్చాక గంటల్లో, మహా అయితే ఒక రోజులో ఆనవాలు లేకుండా పోతే అది సోలార్ అర్టికేరియా. కొన్ని గంటల్లో మంట, కమిలిపోవడం, ఆ తర్వాత పొట్టు రాలడం అయితే మందు వల్ల వచ్చిన ఫోటోటాక్సిక్ చర్య. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత దురద, చెమ్మతో ఎగ్జిమాలా వస్తే ఫోటోఅలర్జీ. ఎండకు వెళ్లినా వెళ్లకపోయినా ఏడాది పొడుగునా ఉండి, చర్మం మందమైపోతే క్రానిక్ ఆక్టినిక్ డెర్మటైటిస్, అంటే సీఏడీ. వయసు మళ్లిన మగవాళ్లలో, అందులోనూ ఆరుబయట పనిచేసేవాళ్లలో ఎక్కువగా చూసేది ఇదే. పాలీమార్ఫిక్ లైట్ ఎరప్షన్, అంటే ఎండ తగిలిన చోట దురద పొక్కులు లేచే జబ్బు, మనవాళ్లలో చాలా మామూలు, కానీ అది ఎక్కువగా చిన్న వయసులో మొదలవుతుంది. అరవై దాటాక కొత్తగా మొదలైందంటే ఆ పేరు పెట్టి వదిలేయకండి.

ఒక సంగతి మరవొద్దు. మన చర్మం రంగులో ఎరుపు కనపడదు. పుస్తకంలో ఎర్రగా ఉన్నది మన దగ్గర ఊదాగా, బూడిదగా, నల్లగా ఉంటుంది. చేత్తో తడిమి చూస్తే వేడి, మందం తెలుస్తాయి.

ఆ రైతుకు రెప్పలు, మోచేతి మడతలు ఎలా ఉన్నాయి? బీపీ మాత్ర పేరేంటి? ఏ నెలల్లో ఎక్కువవుతోంది?

మందులషాపు_హన్మకొండ:
గోలీల సంగతి నేను చెప్త సార్. పేషెంటు ‘బీపీ గోలీ ఒక్కటే’ అంటడు. ఆ మాట మీద ఆగొద్దు. ఇంట్ల ఉన్న మందులన్నీ ఒక సంచిల ఏసి తెమ్మనుర్రి. మోకాళ్ల నొప్పికి పూసే జెల్లు, కండ్ల చుక్కలు, ఆయుర్వేదం పొడి, ఎవరో ఇచ్చిన గోలీలు, అన్నీ.

బీపీ గోలీ పేరు చివర ‘హెచ్’ ఉంటే అందుల హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నట్టు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్ అన్నిట్లకు ఈ ‘హెచ్’ రకం ఉంటది. పెద్దమనుషులల్ల ఎండ పడకుండ చేసే గోలీలల్ల ముందు అనుమానించాల్సింది ఇదే. ఏండ్లకేండ్లు వాడినంక గూడ మొదలైతది గన్క ‘ఎప్పటిసంది వాడుతున్న, ఇన్నేండ్లు కానిది ఇప్పుడెందుకు’ అంటే నమ్మొద్దు. క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ గూడ దగ్గరి జాతే, అందుకని ‘హెచ్’ తీసి వాటికి మార్చితె పని కాదు.

మిగిలినవి: ఫ్యూరోసెమైడ్, అమియోడరోన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, న్యాప్రోక్సెన్, పైరాక్సికామ్, ఫంగస్‌కు వాడే వొరికొనజోల్, గ్రిసియోఫల్విన్, టీబీకి ఐసోనియాజిడ్, పైరజినమైడ్. కీటోప్రోఫెన్ జెల్లు పూసి ఎండల నిలబడితె పూసినంత మేర పొక్కుతది. జెల్లు ఆపినంక గూడ కొన్ని వారాలు ఆ చోటు ఎండకు దాయాలె.

చర్మవైద్యం_కర్నూలు:
హన్మకొండ అన్న చెప్పింది అక్షరాలా నిజం. దానికి రెండు చేర్పులు. అమియోడరోన్ గుండె లయకు ఇచ్చేది, గుండె డాక్టరును అడక్కుండా ఎవరూ ఆపకూడదు. ఆపినా అది ఒంట్లో నెలల తరబడి ఉంటుంది, ఎండ పడకపోవడం కూడా అన్నాళ్లూ ఉంటుంది. ముఖం మీద నీలిబూడిద రంగు దాని గుర్తు.

రెండోది, కొన్ని మందులు ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బైన లూపస్‌లాంటి మచ్చలు తెస్తాయి. వీపు పైభాగం, ఛాతీ, భుజాల మీద ఉంగరాల్లాగానో, సోరియాసిస్‌లాగా పొట్టుతోనో వస్తాయి. హైడ్రోక్లోరోథయజైడ్, డిల్టియాజెమ్, టెర్బినాఫిన్, గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్ జాతి మాత్రలు ఇందుకు పేరుపడ్డవి. ఏఎన్‌ఏతో పాటు యాంటీ-రో పరీక్ష (రెండూ లూపస్ కోసం చేసే రక్తపరీక్షలు) చేయించాలి. మందు ఆపాక మచ్చలు పోవడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాల్లో తగ్గలేదని ‘ఈ మందు కాదు’ అని తేల్చేయకండి. అనుమానం ఉన్న మందులు రెండుంటే ఒకేసారి మార్చకుండా, ఎక్కువ అనుమానం ఉన్నది ముందు మార్చండి.

పీహెచ్‌సీ_ప్రకాశం:
ఇవాళ మళ్లీ పిలిపించి చూశాను. మాత్ర టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5. పై రెప్పలు మందంగా ఉన్నాయి, మోచేతి మడతల్లో కూడా ఉంది, గదవ కింద కొద్దిగా ఉంది. కానీ చొక్కా కింద ఛాతీ, పొట్ట శుభ్రంగా ఉన్నాయి. వానలు పడ్డాక జులై నుంచి అక్టోబరు దాకా ఎక్కువ, చలికాలంలో కొంత నయం అంటున్నారు. మూడు నెలలు కొడుకు దగ్గర చెన్నైలో ఉన్నప్పుడు బాగా తగ్గిందట, ఊరికొచ్చిన వారంలో తిరగబెట్టిందట. అక్కడా అదే మాత్ర వేసుకున్నారు.

చర్మవైద్యం_కర్నూలు:
సగం రోగనిర్ధారణ మీరే చేసేశారు. అదే మాత్ర వేసుకుంటూ ఊరు మారితే తగ్గడం, వానల్లో ఎక్కువవడం, రెప్పలు, మోచేతి మడతలు, ఇవన్నీ కలిపి చూస్తే ముందు అనుమానం వయ్యారిభామ మీద. పార్థీనియం, కాంగ్రెస్ గడ్డి అన్నా అదే. దాని ఆకుల మీది నూగులో, పూలలో పార్థెనిన్ అనే అలెర్జీ తెచ్చే రసాయనం (సెస్క్విటెర్పీన్ లాక్టోన్ జాతి) ఉంటుంది. ఎండిన మొక్క నలిగి పొడై గాలిలో ఎగురుతుంది. మొదట రెప్పలు, మెడ, మడతల్లో ఎగ్జిమాలా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో రూపం మారి సీఏడీలాగా ఎండ తగిలే చోట్ల స్థిరపడుతుంది. అప్పుడు గడ్డి లేకపోయినా ఎండ ఒక్కటే చాలు. మీ పేషెంటు ఈ రెండింటి మధ్యలో ఉన్నారు. అందుకే ఇప్పుడే పట్టుకోవాలి.

అలాగని ‘హెచ్’ను వదలకండి. రెండూ కలిసి ఉండొచ్చు. మాత్ర మార్చండి, గడ్డికి దూరం చేయండి, ఆ తర్వాత ప్యాచ్ టెస్టుకు పంపండి.

ఊరు మారితే తగ్గిందా అన్న ప్రశ్న పెద్దవాళ్లందరినీ అడగదగ్గది. పిల్లల దగ్గరికి అమెరికా, గల్ఫ్ వెళ్లొచ్చే తల్లిదండ్రుల్లో ఇది మంచి ఆధారం. కాకపోతే టెక్సస్ దక్షిణాన ఈ మొక్క అక్కడి నేలలో పుట్టిందే, కాబట్టి అక్కడికి వెళ్లినవాళ్లకు తగ్గకపోతే గడ్డి కాదని అనుకోవద్దు.

వ్యవసాయశాఖ_అనంతపురం:
గడ్డి గురించి అడక్కుండానే చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. ఒంటికి పడనివాళ్ల చేతే ‘మీ ఇంటి చుట్టూ పీకేయండి’ అని పీకిస్తారు. అలెర్జీ ఉన్న మనిషి ఆ పని అసలు ముట్టకూడదు. ఇంట్లో ఇంకొకరు పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేరుతో పీకాలి. పూత వచ్చాక పీకితే విత్తనం చెదిరి మళ్లీ మొలుస్తుంది. పీకినది ఎండబెట్టి తగలబెట్టొద్దు, ఎండిన ముక్కల్లోనూ ఆ గుణం పోదు. గుంటలో వేసి మట్టి కప్పండి. బంజరు చోట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి పూతకు ముందు పిచికారీ చేస్తే మాడిపోతుంది, కానీ పంట భూమిలో ఉప్పు వద్దు. తగిరిస విత్తనం చల్లితే అది గుబురుగా పెరిగి దీన్ని అణిచేస్తుంది. మెక్సికో పెంకుపురుగును 1984లో మన దేశంలో వదిలారు, వానాకాలంలో ఆకులు బాగా తింటుంది కానీ దాని మీదే ఆధారపడలేం.

పశువుల గడ్డిమోపులో ఇది కలిసొస్తుంది, అది చూసుకోవాలి. గడ్డి మోసిన తువ్వాలుతోనే ముఖం తుడుచుకోవడం వల్ల రెప్పలకు అంటుతుంది.

చర్మవైద్యం_కర్నూలు:
తువ్వాలు మాట చాలా ముఖ్యం, ధన్యవాదాలు. దీనికి చేర్చేదొకటుంది: అదే కుటుంబం మొక్కలకూ పడకపోవచ్చు. చామంతి, పొద్దుతిరుగుడు, మరులమాతంగి. పూజకు చామంతులు తుంచే పెద్దవాళ్లకు వేళ్ల కొసలు పగిలి, ముఖం మండుతుంటే ఆ పూలు వేరేవాళ్ల చేత కట్టించాలి.

ఉపకేంద్రం_పాడేరు:
సార్, మా వైపు ఇంకో రకం చూస్తున్నాం. మెడ చుట్టూ హారంలాగా నల్లటి పట్టీ, చేతుల పైభాగం, పాదాల పైభాగం ముదురు గోధుమరంగు, అంచు స్పష్టంగా ఉంటుంది, పొట్టు లేచి పగుళ్లు. నాలుక ఎర్రగా నున్నగా ఉంటుంది. దురద కన్నా మంట ఎక్కువ. ఇదీ ఎండ జబ్బేనా?

పోషణ_తార్నాక:
అమ్మా, అది పెల్లాగ్రా. నియాసిన్ లోపం. విరేచనాలు, మతిమరుపు, తికమక మాటలు ఉన్నాయేమో అడగండి. పెద్దవాళ్లలో తికమకను ‘వయసు’ అని కొట్టేస్తారు, అక్కడే ప్రాణం మీదికొస్తుంది. ఎవరిలో వెతకాలంటే: కల్లు, సారా ఎక్కువగా తాగేవాళ్లు, పళ్లు లేక గంజీ అన్నంతో సరిపెట్టుకునే ఒంటరి ముసలివాళ్లు, టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లు. ఐసోనియాజిడ్ బీ6ను తగ్గిస్తుంది, బీ6 లేకపోతే ట్రిప్టోఫాన్ నుంచి ఒంట్లో నియాసిన్ తయారవదు.

మోతాదు: నికోటినమైడ్ రోజుకు 300 మి.గ్రా., మూడు విడతలుగా, 3 నుంచి 4 వారాలు. నికోటినిక్ యాసిడ్ కాదు, దానికి ముఖం మంటలెక్కుతుంది. వెంట బీ-కాంప్లెక్స్, అవసరమైతే జింక్. మామూలు బీ-కాంప్లెక్స్ మాత్రల్లో నికోటినమైడ్ ఎంతుందో పట్టీ మీద చదవండి, కొన్నింటిలో ఏమాత్రం చాలదు. నాలుక మంట, తికమక ఒకటి రెండు రోజుల్లో తగ్గడం మొదలవుతుంది. అలా తగ్గడమే రోగనిర్ధారణకు రుజువు, ఖరీదైన రక్తపరీక్ష అక్కర్లేదు. చర్మం మాత్రం వారాలు తీసుకుంటుంది. తిండిలో గుడ్డు, పాలు, చేపలు, వేరుసెనగలు. 100 గ్రాముల వేరుసెనగల్లో సుమారు 12 మి.గ్రా. నియాసిన్ ఉంటుంది. పళ్లు లేనివాళ్లకు వేయించి పొడి కొట్టి ఇవ్వాలి.

జొన్న మాట వస్తుంది కాబట్టి చెబుతున్నాను. జొన్నే ముఖ్యాహారంగా తిన్న దక్కను పేదల్లో పెల్లాగ్రాను చూసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ కారణమని గోపాలన్, శ్రీకాంతియా 1960లో హైదరాబాదు నుంచి ప్రతిపాదించారు. అది జొన్న తప్ప మరో తిండి లేని పరిస్థితి గురించి. పప్పు, కూర, పెరుగుతో జొన్నరొట్టె తినే షుగరు పేషెంట్లను భయపెట్టొద్దు.

ఉపకేంద్రం_పాడేరు:
ధన్యవాదాలు మేడమ్. నికోటినమైడ్ ఇండెంటు పెడతాను.

జనరల్_ఫిజీషియన్_గుంటూరు:
ఇక్కడ కొన్ని మారువేషాలు చెప్పాలి. ఎండతో సంబంధం లేకుండానే ‘ఎండకు నల్లబడ్డాను’ అని వచ్చేవాళ్లు చాలామంది.

వేలి కణుపుల మీద, గోళ్ల చుట్టూ నలుపు, నాలుక మంట, అరికాళ్ల తిమ్మిరి ఉంటే బీ12 చూడండి. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగరు పేషెంట్లలో, శాకాహారుల్లో మామూలు. నుదుటి పక్కన, బుగ్గ ఎముక మీద వెల్వెట్‌లా మందమైన నలుపు, మెడ చుట్టూ కూడా ఉంటే అకాంథోసిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. చికున్‌గున్యా జ్వరం తర్వాత ముక్కు మీద వచ్చే నలుపు నెలల్లో తనంతట తనే పోతుంది. ముఖం ఎర్రబడి, చెవి తమ్మెలు దళసరి అయి, మచ్చ మీద దూది పోగు తాకితే తెలియకపోతే కుష్ఠు, స్టెరాయిడ్ పూయకుండా పంపండి.

మెట్లెక్కలేకపోవడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవడం, తల దువ్వుకోలేకపోవడం, వీటితో పాటు రెప్పలు ఊదారంగుగా ఉబ్బి, వేలి కణుపుల మీద పొట్టు ఉంటే డెర్మటోమయోసైటిస్, అంటే చర్మం, కండరాలు రెండూ వాచే జబ్బు. లూపస్‌లో మచ్చ కణుపుల మధ్య ఉంటుంది, ఇందులో సరిగ్గా కణుపు మీదే. సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే రక్తపరీక్ష) చేయించండి, కానీ సీపీకే మామూలుగా ఉన్నా జబ్బు లేదని కాదు. పెద్దవాళ్లలో దీని వెనక కేన్సర్ దాక్కుని ఉండొచ్చు: ఛాతీ, పొట్ట సీటీ, ఆడవాళ్లకు రొమ్ము, అండాశయం, మగవాళ్లకు ప్రొస్టేట్, మలంలో రక్తం. మొదటి మూడేళ్లు మళ్లీ మళ్లీ వెతకాలి.

చర్మవైద్యం_కర్నూలు:
చేతుల పైభాగాన నీటిపొక్కులు, చిన్న దెబ్బకే తోలు లేచిపోవడం, మానాక తెల్లటి చిన్న గింజలు, బుగ్గల మీద కొత్తగా వెంట్రుకలు ఉంటే పోర్ఫీరియా క్యుటేనియా టార్డా, అంటే పోర్ఫిరిన్లనే పదార్థాలు ఒంట్లో పేరుకుని ఎండకు చర్మం పొక్కే జబ్బు. మద్యం, హెపటైటిస్ సీ, ఒంట్లో ఇనుము ఎక్కువవడం దాని వెనక ఉంటాయి. మూత్రం నమూనాను అల్యూమినియం రేకు చుట్టి పంపాలి, వెలుతురు తగిలితే పరీక్ష తప్పుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇందులో వారానికి రెండుసార్లు 100 మి.గ్రా. మాత్రమే. లూపస్‌కిచ్చే మోతాదు ఇస్తే కాలేయం దెబ్బతింటుంది. ఫ్యూరోసెమైడ్, న్యాప్రోక్సెన్ వాడేవాళ్లకు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు అచ్చం ఇలాగే పొక్కులొస్తాయి, పోర్ఫిరిన్లు మామూలుగా ఉంటాయి.

విజయవాడ_టీచరు:
డాక్టర్లకు నమస్కారం. తలకు రంగు వేసుకునే పెద్దవాళ్లలో నుదురు, చెవుల ముందు నలుపు వస్తే ఎండే అంటున్నారు. రంగు కూడా కారణం కావచ్చా? నిమ్మరసం, బావంచాల నూనె పూస్తే నలుపు పోతుందంటారు, నిజమేనా?

చర్మవైద్యం_కర్నూలు:
రంగే కావచ్చు టీచరు గారూ, చాలాసార్లు అదే. హెయిర్ డైలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. జుట్టు అంచు వెంట, చెవుల మీద, పై రెప్పల్లో, మెడ వెనక, మగవాళ్లకు మీసం చుట్టూ మొదలవుతుంది. రంగు వేసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద పెరుగుతుందేమో గమనించమనండి. ‘అమోనియా లేదు’ అంటే పీపీడీ లేదని కాదు. ‘నల్ల హెన్నా’ పొట్లాల్లోనూ కలుపుతారు. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండిందంటే ఏదో కలిసినట్టే. మానలేనివాళ్లు ఏమీ కలపని గోరింటాకు పొడి, ఆ తర్వాత నీలి ఆకు పొడి వాడుకోవచ్చు.

నిమ్మరసం, బావంచాలు రెండూ వద్దు. వాటిలోని సోరాలెన్లు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే పొక్కులొచ్చి, కారిన చార మేర నెలల తరబడి నల్లగా మిగిలిపోతుంది. బావంచాలు బొల్లికి డాక్టరు చూస్తుండగా వాడే మందు, నలుపు పోవడానికి కాదు.

పీహెచ్‌సీ_ప్రకాశం:
ఇక చికిత్స. ఇప్పుడు నా చేతిలో ఉన్నవి: బీటామెథసోన్, క్లోబెటసాల్, హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్, సిట్రిజిన్, లిక్విడ్ పారఫిన్. ఎలా మొదలుపెట్టమంటారు?

చర్మవైద్యం_కర్నూలు:
పూసే మందు చోటును బట్టి. చేతుల పైభాగం, మెడ వెనక మందమైన చర్మానికి క్లోబెటసాల్ రోజుకొకసారి, రెండు వారాలు మించకుండా. ముఖానికి హైడ్రోకార్టిసోన్ 1 శాతం వారం పది రోజులు, ఆ తర్వాత టాక్రోలిమస్ 0.1 శాతం ఆయింట్‌మెంటు రోజుకు రెండుసార్లు. టాక్రోలిమస్ మొదటి వారం మండుతుంది, ఆ మంట తగ్గిపోతుందని ముందే చెప్పకపోతే రెండో రోజే పారేస్తారు. ముఖానికి క్లోబెటసాల్ ఎప్పుడూ వద్దు. స్టెరాయిడ్ క్రీములను 2018లో చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అయినా చీటీ లేకుండా కొని నెలలు పూస్తున్నారు. చర్మం పలచబడి, నరాలు తేలి, చివరికి ఎండకు ఇంకా ఓర్వలేకుండా అవుతుంది.

కొలత: చూపుడువేలి కొస గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ముఖానికీ మెడకూ కలిపి రెండున్నర కొసలు.

బాగా తిరగబెట్టినప్పుడు ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు 0.5 మి.గ్రా. చొప్పున ఉదయం తిన్నాక, తగ్గిస్తూ రెండు మూడు వారాల్లో ఆపేయాలి. షుగరు, బీపీ మూడో రోజే చూడండి. దురదకు ఫెక్సోఫెనడిన్, లేదా మూత్రపిండాలు బలహీనమైతే సిట్రిజిన్ 5 మి.గ్రా. హైడ్రాక్సిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ నిద్ర బాగా పట్టిస్తాయని ఇస్తారు. ప్రొస్టేట్ పెరిగిన మగవాళ్లకు మూత్రం బిగుస్తుంది, రాత్రి లేచి తూలి పడితే తుంటి విరుగుతుంది.

జనరల్_ఫిజీషియన్_గుంటూరు:
అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మాత్ర) సంగతి కూడా చెప్పండి. జిల్లాల్లో మేం కొనసాగించాల్సి వస్తోంది.

చర్మవైద్యం_కర్నూలు:
పార్థీనియం, సీఏడీ రెండింటికీ దీర్ఘకాలం పనికొచ్చే మందు అదే. 50 మి.గ్రా.తో మొదలుపెట్టి, రక్తం బాగుంటే 100కు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రోజూ 100 బదులు వారానికొకసారి 300 మి.గ్రా. ఇచ్చి చూశారు, ఖర్చు తగ్గుతుంది. నా మటుకు పెద్దవాళ్లలో రోజువారీ పద్ధతే ఇష్టం, 300 వేసుకున్న రోజు వికారం ఎక్కువ. ఫలితం కనపడటానికి 6 నుంచి 8 వారాలు, ఆ లోపు ‘పనిచేయలేదు’ అని ఆపొద్దు.

మొదలుపెట్టే ముందు చేయించాల్సిన పరీక్షలు: సీబీసీ (రక్తకణాల లెక్క), కాలేయం, క్రియాటినిన్, హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌సీవీ, హెచ్‌ఐవీ. హెచ్‌ఐవీ ఎందుకంటే సీఏడీ కొన్నిసార్లు దాని మొదటి గుర్తు. వీలైతే టీపీఎంటీతో పాటు ఎన్‌యూడీటీ15 కూడా (ఈ మందును ఒళ్లు ఎంత తట్టుకుంటుందో చెప్పే జన్యు పరీక్షలు), మనవాళ్లలో తెల్లకణాలు పడిపోవడానికి రెండోదే ఎక్కువ కారణం. సీబీసీ మొదటి నెల ప్రతి వారం, తర్వాత నెలకొకసారి.

గౌట్‌కు అల్లోప్యూరినాల్ వాడేవాళ్లకు అజాథయోప్రిన్ మామూలు మోతాదులో ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోతుంది. ఫెబక్సోస్టాట్ కూడా అంతే. మందుల సంచి తెప్పించమని హన్మకొండ అన్న అన్నది ఇందుకు కూడా.

మందులషాపు_హన్మకొండ:
ఇట్లనే వాడే మెథోట్రెక్సేట్ గురించి గూడ ఒక మాట సార్. అది వారానికి ఒక్కసారే. ‘రోజూ ఒకటి’ అనుకొని మింగితె నోరంత పుండ్లయి, తెల్లకణాలు పడిపోయి పోతరు. చీటీ మీద ‘సోమవారం మాత్రమే’ అని వారం పేరు తెలుగుల రాయుర్రి. ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఇంకో దినం. ఆ గోలీతోని కో-ట్రైమాక్సజోల్ అస్సలు కలపొద్దు, నొప్పి గోలీలు గూడ డాక్టర్ని అడగకుండ వద్దు. కిడ్నీ బలహీనంగున్నోళ్లకు ఇంకా ప్రమాదం.

విజయవాడ_టీచరు:
సన్‌స్క్రీన్ ఏది రాయాలి, ఎంత రాయాలి? 50 గ్రాముల ట్యూబు మూడు నెలలు వస్తోంది కొందరికి.

చర్మవైద్యం_కర్నూలు:
మూడు నెలలు వచ్చిందంటే రాసుకోనట్టే. డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మి.గ్రా. రాస్తేనే వర్తిస్తుంది. తల, ముఖం, చెవులు, మెడకు చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత, అంటే 2 నుంచి 3 గ్రాములు. రోజుకు రెండుసార్లంటే ట్యూబు పది రోజులు. బట్టతల, చెవుల అంచు, మెడ వెనక మర్చిపోయే చోట్లు. ఎస్‌పీఎఫ్ 30 పైన, పీఏ+++ (ఎండలోని యూవీఏ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు) ఉండాలి. జింక్ ఆక్సైడ్, టైటానియం ఉన్నవాటితో అలెర్జీ తక్కువ. సోలార్ అర్టికేరియా, పోర్ఫీరియాలో కంటికి కనపడే వెలుతురే గుచ్చుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు క్రీములు కావాలి.

జనరల్_ఫిజీషియన్_గుంటూరు:
నెలకు మూడు ట్యూబులు కొనలేని రైతుకు ఆ చీటీ దండగ. నేనైతే ముందు బట్టే రాస్తాను.

చర్మవైద్యం_కర్నూలు:
ఒప్పుకుంటాను. పలచటి తెల్ల నూలు చొక్కా ఎండను పూర్తిగా ఆపదు, చెమటకు తడిస్తే ఇంకా తక్కువ ఆపుతుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే అవతలిది కనపడని దళసరి, ముదురు రంగు నేత కావాలి. పొడుగు చేతులు, మెడ మూసే కాలరు, చుట్టూ అంచున్న టోపీ లేదా తలపాగా చివర మెడ మీదికి వదలడం, నల్ల గొడుగు. పొలం పని ఉదయం తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మందుల వల్ల వచ్చేదంతా ఎక్కువగా యూవీఏ పని. అది కిటికీ అద్దంలోంచి, కారు పక్క అద్దంలోంచి వస్తుంది. డ్రైవరుకు కుడిచేయి మాత్రమే నల్లబడితే కారణం అక్కడే వెతకండి.

పోషణ_తార్నాక:
ఎండ తగలకుండా ఇంత దాచుకునే పెద్దవాళ్లకు విటమిన్ డీ చూడాలి. తక్కువైతే 60,000 యూనిట్లు వారానికొకటి చొప్పున 8 వారాలు, ఆ తర్వాత నెలకొకటి. వారం వారం ఆపకుండా ఏళ్లు వేసుకుంటే కాల్షియం పెరిగి కిడ్నీ చెడుతుంది.

పీహెచ్‌సీ_ప్రకాశం:
మాత్ర మార్చి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచి అమ్లోడిపిన్ 5 కలిపాను. పంపే చీటీలో ఏం రాయాలి? పేషెంటును ఎలా సిద్ధం చేయాలి?

చర్మవైద్యం_కర్నూలు:
చీటీలో: ఎప్పటి నుంచి, ఏ నెలల్లో ఎక్కువ, ఊరు మారితే ఏమైంది, రెప్పలూ గదవ కిందా ఉందా లేదా, మందులన్నీ మొదలైన తేదీలతో, మార్చిన మందు ఏ రోజున మార్చారు, హెయిర్ డై ఉందా. ఇది ఉంటే మాకు సగం పని తగ్గుతుంది.

ప్యాచ్ టెస్టుకు వీపు కావాలి. వారం ముందు నుంచి వీపు మీద స్టెరాయిడ్ పూయకూడదు, నెల నుంచి వీపు ఎండకు మాడి ఉండకూడదు. ప్రెడ్నిసొలోన్ రోజుకు 10 మి.గ్రా. లోపుకు తెచ్చి పంపండి, సిట్రిజిన్ మాత్రం ఆపక్కర్లేదు. పట్టీలు 48 గంటలు ఉంటాయి, ఆ రెండు రోజులూ, చివరి పరిశీలన అయ్యేదాకా వీపుకు నీళ్లు తగలకూడదు, బరువు మోయకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. 48 గంటలకు ఒకసారి, 96 గంటలకు ఒకసారి చూస్తాం, కాబట్టి సోమవారం వచ్చేలా పంపండి. ఫోటోప్యాచ్ చేసేచోట అవే పట్టీలు రెండు వరసలు అతికించి, ఒక వరసకు 5 జౌళ్ల యూవీఏ ఇచ్చి తేడా చూస్తారు. పెద్ద బోధనాసుపత్రుల్లో ముందుగా ఫోను చేసి కనుక్కుని పంపండి, ఊరికే తిప్పొద్దు.

మెడలో, చంకల్లో గడ్డలు తగిలినా, ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలుతున్నా ప్యాచ్ టెస్టు కోసం ఆగకుండా బయాప్సీకి రాయండి. సీఏడీ ముదిరినప్పుడు చర్మానికి వచ్చే కేన్సర్ అయిన లింఫోమాలా ఉంటుంది, లింఫోమా కూడా సీఏడీలా ఉంటుంది.

మందులషాపు_హన్మకొండ:
అమ్లోడిపిన్‌తోని కాళ్లు వాస్తె 2.5కు తగ్గియ్యొచ్చు సార్. ఇంట్ల మిగిలిన పాత ‘హెచ్’ గోలీల షీట్లు మాత్రం వాపసు తెప్పిచ్చుకోనుర్రి, లేకుంటే కొత్తవాటితోని కలిపి రెండూ మింగుతరు.

పీహెచ్‌సీ_ప్రకాశం:
రేపు కొడుకు వస్తున్నారు, షీట్లు తెమ్మని చెప్పాను. ఇంటి వెనక గడ్డివాము చుట్టూ కాంగ్రెస్ గడ్డి నడుమెత్తు ఉందట, అది కూలీలతో పీకించమన్నాను. ప్యాచ్ టెస్టు ఫలితం వచ్చాక ఇక్కడే పెడతాను.